రెసిడెన్సీలో అమ్మ బెంచీ ఎక్కడ?

అమ్మ ఆ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగిపోయింది. మోకాళ్ళు నొప్పేమో అనుకుని చెయ్యి అందించబోయాను. వద్దంది. పక్కనున్న రాతి సింహం వైపు చూసి, కిందికి వంగి, ఒక మెట్టు మీద అరచెయ్యి ఆనించింది.

"ఇక్కడే కూర్చునేవాళ్ళం. మధ్యాహ్నం ఈ వైపుకి నీడొచ్చేది. టిఫిన్ డబ్బాలు ఇక్కడే తెరిచేవాళ్ళం. ఒకరి డబ్బాలో ఏముందో ఇంకొకరికి ముందే తెలిసిపోయేది."

నేనూ నా కూతురూ ఆ భవనాన్ని చూడటానికి వెళ్ళాం. పెద్ద పెద్ద స్తంభాలు, దర్బారు హాలు, రెండు పాయలుగా చీలి పైకి వెళ్ళే లోపలి మెట్లు, అన్నీ చూడాలని మా ఇద్దరికీ ఆత్రం. అమ్మ మాత్రం తన కాలేజీకి వెళ్ళింది. హైదరాబాదులో కోఠి దగ్గరున్న ఆ కట్టడాన్ని లోకమంతా బ్రిటిష్ రెసిడెన్సీ అంటుంది. అమ్మ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. సూర్యాపేట దగ్గరి ఊరి నుంచి 1970లలో చదువుకోడానికి వచ్చిన ఆమెకు అది ఉమెన్స్ కాలేజీ. "మా కాలేజీ" అంటుంది, అంతే.

ఏళ్ళ తరబడి పెచ్చులూడి, వానకు నాని, గబ్బిలాలకు ఇల్లైపోయిన ఆ భవనాన్ని బాగుచేసి 2023లో జనానికి తలుపులు తెరిచారు. 2002లోనే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. అంటే రెండు దశాబ్దాల ఎదురుచూపు. పనిచేసిన వాళ్ళందరికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలి. డంగు సున్నం కలిపే మేస్త్రీ, కర్రపని చేసే వడ్రంగి, పగుళ్ళను వేలితో తడిమి చూసిన ఇంజనీరు, వీళ్ళంతా లేకపోతే ఇవాళ మనం మాట్లాడుకోడానికి ఆ ఇల్లే మిగిలేది కాదు. ఇప్పుడు దీన్ని పూర్తిస్థాయి మ్యూజియంగా చూడాలన్న కోరిక చాలామందికి ఉంది. నాకూ ఉంది. అయితే ఆ మ్యూజియం ఎవరి కథ చెప్పాలి అన్న దగ్గర నాకు గట్టి పట్టుదల ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఆ ఇల్లు ఎలా లేచిందో చెప్పాలి. జేమ్స్ అఖిలెస్ కర్క్‌పాట్రిక్ మద్రాసులో పుట్టినవాడు. 1798లో హైదరాబాదులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు అయ్యాడు. రెసిడెంటు అంటే పేరుకు నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి. కాలం గడిచేకొద్దీ ఆ ప్రతినిధి మాటే చెల్లుబాటయ్యింది. నగరం మూసీకి దక్షిణాన, కోట గోడల లోపల. రెసిడెంటు బస ఉత్తరం ఒడ్డున. మధ్యలో నది. అక్కడ కొత్త భవనం కోసం కర్క్‌పాట్రిక్ స్థలం అడిగిన తీరు గురించి ఒక కథ చెప్పుకుంటారు. స్థలం పటాన్ని పెద్ద కాగితం మీద గీయించి నిజాం అలీ ఖాన్ ముందు పరిస్తే ఆయన ఒప్పుకోలేదట. తన రాజ్యం పటం కూడా అంత కాగితం మీదే ఉంటుంది, ఇంత భూమి ఎలా ఇవ్వడం అనుకున్నాడట. కొన్నాళ్ళాగి అదే పటాన్ని చిన్న కార్డు మీద గీసి పట్టుకెళ్తే వెంటనే సరేనన్నాడట. కథ ఎంతవరకు నిజమైనా, భూమి నిజాందే, కట్టడానికి పెట్టిన డబ్బూ నిజాం ఖజానాదే. మద్రాసు ఇంజనీర్లలో పనిచేసే శామ్యూల్ రసెల్ నమూనా గీశాడు. 1803లో పని మొదలైంది.

నిజాం ఖజానా అని రాసి వదిలేస్తే సరిపోదు. ఆ ఖజానాలోకి డబ్బు తెలుగు, మరాఠీ, కన్నడ రైతుల శిస్తుగా వచ్చింది. ఆ కొరింథియన్ స్తంభాల ఎత్తు చూసి నోరు తెరిచే ప్రతి ఒక్కరికీ ఈ ఒక్క ముక్క తెలియాలని నా కోరిక.

ఇక నాన్న వైపు సంగతి. మాది ప్రొద్దుటూరు. అమ్మ పెళ్ళయి అక్కడికి వచ్చింది. సీమ వాళ్ళకు దత్త మండలాలు అన్న మాట తెలుసు. నిజాం తన రాజ్యంలో కంపెనీ సైన్యాన్ని పోషించాలని 1798లో ఒప్పందం జరిగింది. ఆ ఖర్చు కింద, మైసూరు యుద్ధాల తర్వాత తన వాటాకు వచ్చిన బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను 1800లో కంపెనీకి రాసిచ్చేశాడు. అవే దత్త మండలాలు. ఆ ఒప్పందం కుదిర్చింది ఈ కర్క్‌పాట్రిక్కే. ఆ తర్వాత థామస్ మన్రో కలెక్టరుగా రావడం, రైతుల పేర్లతో పట్టాలు, పాలెగాళ్ళను అణచడం, మద్రాసు రాజధానిలో కలిసి బతకడం, 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు పెట్టడం, ఇంత చరిత్రకూ మొదలు అక్కడుంది. మా తాతలు ఏ ప్రభుత్వానికి శిస్తు కట్టాలో తేల్చిన మనిషి కట్టించిన ఇంటి మెట్ల మీద మా అమ్మ మధ్యాహ్నం భోజనం చేసింది. ఈ సంగతి నాకు నలభై ఏళ్ళు దాటాక తట్టింది. అమ్మతో చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మీ నాన్న ఉంటే సంతోషించేవాడు, ఇట్లాంటివంటే ఆయనకు ఇష్టం" అంది.

రెసిడెన్సీ గురించి వచ్చే ప్రతి వీడియోలోనూ, ప్రతి ఆదివారం ఫీచర్‌లోనూ ఒకే కథ ఉంటుంది. కర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా. నవాబుల కుటుంబపు అమ్మాయి, తెల్ల అధికారి, ప్రేమ, పెళ్ళి. కంపెనీ పెద్దలు దాని మీద విచారణలు జరిపారు. ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇంట్లో వాళ్ళ పేర్లు సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండుకు ఓడెక్కించారు. వెళ్ళే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు వాళ్ళ బొమ్మ గీశాడు. అదే ఏడాది అక్టోబరులో కర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. ఖైరున్నీసాకు ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. పిల్లల్ని మళ్ళీ చూడలేదు. 1813లో ఆమె కూడా పోయింది. ఇంగ్లండులో కిట్టీగా పెరిగిన కూతురు 1840లలో హైదరాబాదులో ఉన్న అమ్మమ్మ షరఫున్నీసాతో ఉత్తరాలు నడిపింది. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో ఎవరో ఒకరు చదివి చెప్పాలి, రాసి పెట్టాలి. తెలియని భాషలో రాసిన ఉత్తరాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆ ముసలమ్మ నాకు కళ్ళముందు కదులుతుంది.

కథ గుండెను పిండుతుంది, కాదనను. కానీ దాన్ని ప్రేమకథగా మాత్రమే చెబుతున్నప్పుడు జారిపోతున్నదొకటుంది. ఖైరున్నీసా ఆ ప్రధాన భవనంలో ఉండలేదు. ఆమెకు వెనుకవైపు రంగ్ మహల్ అని విడిగా జనానా, అంటే ఆడవాళ్ళ నివాసం, కట్టించారు. ఆ తోటలో భవనం నమూనా ఒకటి ఉంది. మనిషి ఎత్తు కూడా లేని చిన్న రెసిడెన్సీ, అచ్చం పెద్దదానిలాగే స్తంభాలతో, కిటికీలతో. పరదా వల్ల ఆమె ముందువైపుకు వచ్చి ఇల్లు చూసే వీలు లేదు కాబట్టి, ఎలా ఉంటుందో చూపించడానికి కర్క్‌పాట్రిక్ చేయించాడని చెప్పుకుంటారు. రంగ్ మహల్‌ను తర్వాత వచ్చిన రెసిడెంట్ల కాలంలో పడగొట్టారు. ఆమె బతికిన గదులు లేవు. ఆమె చూసిందని చెప్పుకునే బొమ్మ ఇల్లు ఉంది.

ఆ రోజు నా కూతురు ఆ నమూనా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, చిన్న తలుపులోంచి లోపలికి చూసింది. లోపల ఏమీ లేదని చెప్పింది. నేనూ వంగి చూశాను. ఎండుటాకులు, కాస్త మట్టి, ఒక చీమల బారు. ఆ చీమలు వెళ్తున్న గుమ్మంలోంచే ఆమె కూడా చూసి ఉంటుంది కదా అనిపించి ఒళ్ళు జలదరించింది. తన ఇంటి ముందు భాగాన్ని బొమ్మలో చూసుకున్న ఆడమనిషి! సరిగ్గా ఆ ముందు భాగపు మెట్ల మీదే, నూట డెబ్భై ఏళ్ళ తర్వాత, మా అమ్మా ఆమె స్నేహితురాళ్ళూ కాళ్ళు బారజాపుకుని కూర్చుని పులిహోర తిన్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టని మ్యూజియం ఆ ఇంటి కథను సగంలోనే ఆపేసినట్టు.

ఈ మధ్యలో 1857 కూడా ఉంది. జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రొహిల్లాలు (అఫ్ఘాన్ మూలాలున్న యోధులు), నగర జనం కలిసి రెసిడెన్సీ మీదకు వెళ్ళారు. ఎదురుగా ఉన్న ఇళ్ళలో చేరి రాత్రంతా కాల్పులు జరిపారు. ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. అలావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడి, జైలు నుంచి తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్పుల్లో చనిపోయాడు. ఆయన శవాన్ని జనం చూసేలా వేలాడదీశారు. కోఠిలో బస్సు కోసం నిలబడ్డ వేలమందిలో ఎంతమంది అక్కడి స్మారకాన్ని చూశారో తెలియదు. అమ్మ మూడేళ్ళు అక్కడే బస్సు ఎక్కింది. ఆ పేరు ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకూ బళ్ళో చెప్పలేదు. లక్నో, కాన్పూర్, ఝాన్సీ చదివాం. మన కోఠి ఆ పాఠంలో లేదు.

రెసిడెన్సీ గోడల చుట్టూ పెరిగిన బజారును 1933లో నిజాం ప్రభుత్వానికి తిరిగి అప్పగించారు. అప్పట్నుంచి అది సుల్తాన్ బజార్. 1947తో రెసిడెంటు పదవికే కాలం చెల్లింది. 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కాలేజీ 1949లో ఈ ప్రాంగణంలోకి వచ్చింది. నా లెక్కలో ఆ ఇంటి చరిత్రలో అతి పెద్ద సంఘటన ఇదే. హుకుములు జారీ అయిన గదుల్లో నోట్సు రాసుకున్నారు. పల్లెల నుంచి, పాతబస్తీ నుంచి, రెండు జడల అమ్మాయిలు రిక్షాల్లో, బస్సుల్లో దిగారు. కొంతమంది గేటు దాకా బురఖాలో వచ్చి లోపల తీసి మడతపెట్టి సంచీలో పెట్టుకునేవాళ్ళని అమ్మ చెబుతుంది. ఆమె రూమ్మేటు వాళ్ళ ఇంట్లో మొదటి డిగ్రీ. అమ్మ కూడా అంతే. రెసిడెంట్లు ఆ ఇంట్లో ఉన్నది ఒకటిన్నర శతాబ్దం లోపే. అమ్మాయిలు చదువుకోవడం మొదలై డెబ్భై అయిదేళ్ళు దాటింది. అంటే ఆ ఇంటి వయసులో మూడో వంతు వీళ్ళది.

ఈ మాట అన్నప్పుడల్లా పాత కట్టడాల మీద ప్రేమున్న నా స్నేహితుడొకడు నాతో వాదిస్తాడు. పునరుద్ధరణ అంటే భవనాన్ని దాని అసలు రూపానికి తేవడం, తర్వాత వచ్చిన బెంచీలు, నల్లబల్లలు, ట్యూబులైట్లు తీసేయాల్సిందే అంటాడు. గోడకు కొట్టిన మేకు కూడా కట్టడానికి గాయమే అంటాడు. నిర్మాణం వరకు ఆయన చెప్పేది నిజమే. సిమెంటు పూసిన చోట సున్నం ఊపిరాడక గోడ పాడవుతుంది, తీసేయాలి. బరువు మోయలేని గదుల్లో క్లాసులు పెట్టకూడదు. కానీ గోడ నుంచి తీసేసిన మేకును పారేయాలా? దాని పక్కన ఒక కాగితం పెట్టి, 1960లో ఈ మేకుకు భారతదేశం పటం వేలాడేదని రాయకూడదా? ఇల్లు ఒక్క రోజులో కట్టింది కాదు, ఒక్క ఏడాది బతికింది కాదు. ఏ ఏడాదిని అసలు రూపం అందాం? కర్క్‌పాట్రిక్ దాన్ని పూర్తిగా సిద్ధమయ్యాక చూడనేలేదు.

ఇంకో అభ్యంతరం ఉంది, అది నిజంగా ఆలోచించాల్సింది. ఆడపిల్లలు చదువుకునే ప్రాంగణంలోకి రోజంతా సందర్శకులు రావడమంటే వాళ్ళకు ఇబ్బంది. ఫోన్లు పట్టుకుని ఎవరెవరి ఫొటోలు తీస్తారో తెలియదు. ఒక తల్లిగా నాకూ ఆ టెన్షన్ ఉంటుంది. దారి వేరుగా ఉండాలి, వేళలు వేరుగా ఉండాలి, ఫొటోలకు హద్దు ఉండాలి. కానీ దీనికి విరుగుడు విద్యార్థినుల్ని కథలోంచి తప్పించడం కాదు. వాళ్ళనే ఆ కథ చెప్పేవాళ్ళను చేయొచ్చు. చరిత్ర చదివే అమ్మాయి వారానికి రెండు రోజులు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో గైడుగా నిలబడి చెబితే, దానికి తగిన జీతం ఇస్తే, ఆ ఇల్లు వాళ్ళ చేతుల్లోనే ఉన్నట్టు.

ఇల్లు పోయి వస్తువులు మిగిలిన ఉదాహరణ హైదరాబాదులోనే ఉంది. నిజాంల దగ్గర దివాన్లుగా పనిచేసిన కుటుంబంలోని మూడో సాలార్ జంగ్ 1949లో వారసులు లేకుండా చనిపోయాక, ఆయన సేకరించిన వాటితో 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం మొదలైంది. ఎక్కడ? దివాన్ దేవిడిలో, అంటే ఆ దివాన్లు బతికిన ఇంట్లోనే. 1968లో వస్తువులన్నీ మూసీ ఒడ్డున కొత్త భవనానికి వెళ్ళాయి. దేవిడి క్రమంగా మాయమైంది. కమాన్లు మిగిలాయి, వాటి కింద నుంచి స్కూటర్లు పోతుంటాయి. సంగీత గడియారం ముందు గంట కొట్టే వేళకు గుమిగూడే జనంలో నేనూ చిన్నప్పుడు నాన్న భుజం మీద ఉన్నాను. ఆ గడియారం, ముసుగు వేసుకున్న రెబెకా శిల్పం అక్కడికి రాకముందు ఏ ఇంట్లో ఉన్నాయో నాకు పెద్దయ్యేదాకా తెలియదు.

బొల్లారంలో ఇంకో దారి కనిపిస్తుంది. రాష్ట్రపతి నిలయం కూడా ఒకప్పటి రెసిడెంటు ఇల్లే, 1860లో కట్టింది, ఊరి బయటి బస. ఏడాదికి కొద్ది రోజులే లోపలికి రానిచ్చేవాళ్ళు. 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా చూడనిస్తున్నారు. అక్కడ నాకు బాగా నచ్చింది దర్బారు గది కాదు. వంటశాల నుంచి భోజనాల గదికి నేల కింద నుంచి వెళ్ళే సొరంగం. పళ్ళాలు పట్టుకుని వంటవాళ్ళు నడిచిన దారి అది. దాన్ని బాగుచేసి, గోడల మీద చేర్యాల బొమ్మలు వేయించి, జనాన్ని అందులోంచి నడవనిస్తున్నారు. నేను నడుస్తున్నప్పుడు ముందు ఒక పెద్దాయన మనవడికి చెబుతున్నాడు, "వేడి అన్నం చల్లారకుండా పరిగెత్తాలి కదా నాన్నా" అని. పనివాళ్ళ దారి చూపించినంత మాత్రాన రాష్ట్రపతి గౌరవం తగ్గలేదు. పిల్లవాడికి ఆ ఇల్లు అర్థమైంది. కోఠిలో ఇదే చేయాలని నేనంటున్నాను.

రెసిడెన్సీ మ్యూజియంలో నాకు ఏం కావాలంటే, 1800 ఒప్పందం ప్రతి తెలుగులో చదువుకునేలా గోడ మీద ఉండాలి. పక్కనే పటం. కడప నుంచో అనంతపురం నుంచో వచ్చినవాళ్ళు తమ ఊరి మీద వేలు పెట్టి చూసుకోవాలి. తుర్రెబాజ్ ఖాన్‌కు ఒక గది, ఆయన మనుషులు నిలబడి కాల్చిన దిక్కుకు తెరుచుకునే కిటికీతో. చిన్న రెసిడెన్సీ దగ్గర, పడగొట్టిన జనానా ఎంత మేర ఉండేదో నేల మీద రాళ్ళతో గీత. ఆ గీత లోపల నిలబడితే చాలు, పరదా అంటే ఏమిటో ఎవరూ ఉపన్యాసం చెప్పక్కర్లేదు. ఆ పైన 1949 నుంచి ఇవాళ్టి దాకా ఒక పెద్ద హాలు. పేర్లు చెక్కిన చెక్క బెంచీ. హాజరు పట్టీ. హాస్టల్లో రాత్రి గేటు మూసే వేళ రాసిన బోర్డు. కోఠి ఫుట్‌పాత్ మీద సగం ధరకు కొన్న పాఠ్యపుస్తకం. ఇంటికి రాసిన ఇన్‌ల్యాండ్ లెటరు. ఇవి ఎక్కడో వెతకక్కర్లేదు. ఆ అమ్మాయిలు ఇప్పుడు అమ్మమ్మలు, నాయనమ్మలు. ట్రంకు పెట్టెల అడుగున ఉన్నాయి. వాళ్ళున్నప్పుడే అడగాలి.

ఆ కాలేజీ 2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తన కౌలు భూమి పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా అడ్డం నిలబడిన ఐలమ్మ. ఆ వార్త చదివినప్పుడు అమ్మ పేపరు మడిచి కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. వాళ్ళ ఊళ్ళో ఐలమ్మ మీద పాటలుండేవట, చిన్నప్పుడు కోతల్లో విందట. గేటు మీద ఆ పేరు, లోపల కంపెనీ రాజముద్ర. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందో చెప్పే చోటే మ్యూజియం కావాలి. చెప్పకపోతే లోపలికి వచ్చిన పిల్లలకు గేటు మీది పేరు ఒక పేరుగానే ఉండిపోతుంది.

మేం తిరిగి వచ్చేటప్పుడు అమ్మ మళ్ళీ ఆ మెట్ల దగ్గర ఆగింది. ఈసారి కూర్చుంది. నా కూతురు పక్కన కూర్చుంది. వాళ్ళిద్దరికీ ఎదురుగా నిలబడి ఫొటో తీశాను. ఫొటో అయ్యాక అమ్మ చేతిసంచీ తెరిచి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఒక అట్టముక్క తీసింది. కాలేజీ గుర్తింపు కార్డు. అంచులు చీకిపోయాయి. సిరా గోధుమరంగుకు తిరిగింది. ఫొటోలో రెండు జడలు, బిగించిన పెదవులు. ప్రొద్దుటూరు నుంచి దాన్ని తెచ్చుకున్న సంగతి దారిలో నాకు చెప్పనే లేదు.

"ఇస్తే తీసుకుంటారా వీళ్ళు?" అని అడిగింది.

నా కూతురు దాన్ని రెండు చేతులా అందుకుని, పేరు పైకి చదివింది.